రేడియేటరులో కొబ్బరినీళ్లు

ఈ పొద్దున కొబ్బరికాయ కొడుతుంటే నీళ్లు చింది వేడి పెనం మీద పడ్డాయి. మాడిన తీపి వాసన వంటిల్లంతా కమ్ముకుంది. వెంటనే నాకు పలాసలో మెకానిక్ సింహాద్రి బాబాయి షెడ్డు గుర్తొచ్చింది. ఆయన పోయి రెండేళ్లయింది.

మాది ఉద్దానంలో ఓ పల్లె. కొబ్బరికాయలు మోసిన మా పాత వ్యానే, మా ఆయన కిడ్నీలు పాడయ్యాక ఆయన్ని పలాసకు డయాలసిస్‌కి మోస్తోంది. నడిపేది నేను. అమ్మెయ్యమన్న వాళ్లని "కారు కొనిపెడతారా?" అని అడిగితే మళ్లీ మా గుమ్మం తొక్కలేదు. ఒకసారి తోటల మధ్య ఇంజన్ వేడెక్కి ఆగింది. దగ్గర్లో నీళ్లు లేవు, చెట్ల నిండా కాయలున్నాయి. చెట్లెక్కి దింపు తీస్తున్న వాళ్లచేత ఆరు బొండాలు కొట్టించి రేడియేటరులో పోయించాను. నా తెలివికి మురిసిపోయాను కూడా. వారం తిరక్కుండా బండి మళ్లీ ఉడికింది. షెడ్డులో బాబాయి మూత తీస్తే ఇదే మాడిన తీపి వాసన, లోపలంతా గోధుమరంగు జిగురు.

"ఎవులు పోసినారమ్మా ఇది?"

"నేనే. అవీ నీళ్లేగా? మనుషులు తాగటం లేదా?" అని వాదనకు దిగాను.

ఆయన సీట్లో ఉన్న మా ఆయనకేసి చూశాడు. "బాబుని డాక్టరు కొబ్బరినీళ్లు తాగొద్దన్నాడా నేదా?"

"వద్దన్నాడు."

"మరి దీనికెందుకు తాగించినావు?"

డిగ్రీ చదివినదాన్ని, వంగి ఆ జిగురుకేసి చూశాను. మా ఆయన పకపకా నవ్వాడు. జబ్బు పడ్డాక ఆయన అలా నవ్వడం అదే మొదటిసారి.

బాబాయి స్పానరు తీసి నా చేతిలో పెట్టాడు. "డబ్బులిచ్చేదీ నేనే, పని చేసేదీ నేనేనా?" అన్నాను. "దారిలో బండి ఆగితే నన్నెక్కడ ఎతుకుతావు? సెయ్యమ్మా." రేడియేటరు కడిగించాడు, గొట్టం విప్పించాడు, మళ్లీ బిగింపజేశాడు. మనసులో ఆయన్ని తిట్టని తిట్టు లేదు.

ఆ వానాకాలం తుఫానుకి ఒక డయాలసిస్ తప్పిపోయింది. మా ఆయనకి ఒళ్లంతా నీరు పట్టి ఆయాసం. తర్వాతి దానికి పోతుంటే దారిలో గొట్టం చివర పగిలింది. ఆటో జాడ లేదు. ఇంజన్ ఆపి, ఆయన ఎగశ్వాస వింటూ, అది చల్లారేదాకా చేతులు కట్టుకుని కూర్చున్నాను. పగిలిన మేర కోసి, మిగతాది లాగి బిగించి, డబ్బాలో తెచ్చుకున్న నీళ్లు రేడియేటరులో పోసి బండి తీశాను. ఆలస్యమైనా ఆయనకి మంచం దొరికింది.

మెచ్చుకుంటాడని షెడ్డుకి పోతే, బాబాయి వంగి చూసి, "గొట్టం క్లిప్పు వంకరగా బిగించినావు" అన్నాడు. నాచేతే విప్పించి సరిచేయించాడు. టీ మాత్రం తనే తెప్పించాడు.

మొన్న డయాలసిస్ దగ్గర, తల్లిని తీసుకొచ్చిన ఒకమ్మాయి పాత వ్యాను స్టార్టవక నన్ను పిలిచింది. బ్యాటరీ తీగ వదులైంది. నాకు అర నిమిషం పని. స్పానరు తన చేతిలో పెట్టాను.

"నువ్వే బిగించీరాదా అక్కా!" అని విసుక్కుంది.

నేను కదల్లేదు. తనే బిగించుకుంది, బండి కదిలింది. నన్ను తిట్టుకునే ఉంటుంది. తిట్టుకోనీ. వాళ్లమ్మ రేపు మళ్లీ ఆ బండిలోనే రావాలి.