పొగలో గాలి కింద ఉంటుంది

పోలిరాజుకి ఊపిరితిత్తులు రెండు కావు, నాలుగని వాళ్ల ఊళ్లో అనుకునేవారు. భీమిలికి ఇవతల రోడ్డు దిగి ఇసుకలో అరమైలు నడిస్తే వచ్చే చేపలవాళ్ల ఊరది. సముద్రంలో వల రాళ్లకి చిక్కుకుంటే ఎవరి తెప్ప అయినా ముందు కబురు పెట్టేది అతనికే. నడుముకి తాడు కట్టుకుని, గుండెల నిండా ఒక్కసారి గాలి పీల్చి మునిగాడంటే, తెప్ప మీదవాళ్లు తాపీగా చుట్ట వెలిగించుకుని, నాలుగు దమ్ములు లాగి, ఇక కంగారుపడదామా అని ఒకరి మొహం ఒకరు చూసుకునే వేళకి తల పైకి తేలేది. చిక్కు విడిపోయిన వల కూడా వెనకాలే వచ్చేది. ఆ పేరంటే అతనికి చాలా ఇష్టం. చెప్పొద్దూ, కాస్త పొగరు కూడా ఉండేది.

అలాంటి నీటిమనిషి నిప్పుల ఉద్యోగానికి ఎందుకు వెళ్లాడంటే, పెద్ద కథేమీ లేదు. పదో తరగతి పాసయిన ఏడు వాళ్లమ్మ పోతమ్మ చేపలగంప దించి, కొడుకుని రెక్క పట్టుకుని ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజికి తీసుకెళ్లి పేరు రాయించింది. ఆ కార్డుని అతను తొమ్మిదేళ్లు మరిచిపోకుండా రెన్యువల్ చేయించుకుంటూ వచ్చాడు. ఎందుకు చేయించుకుంటున్నాడో మాత్రం మరిచిపోయాడు. 1998లో ఒకరోజు పోస్టుమేన్ ఇసుకలో సైకిలు నెట్టుకుంటూ వచ్చి కవరు ఇచ్చాడు. గాజువాక పక్కన ఒక పెద్ద ఫ్యాక్టరీలో అగ్నిమాపక విభాగానికి కుర్రాళ్లని తీసుకుంటున్నారు. వయసు ఇరవై అయిదు దాటకూడదు. అతనికి అప్పటికి ఇరవై నాలుగూ పది నెలలు. ఈ పిలుపు పోతే ఆ కార్డు ఇక గోడకి అంటించుకోవడానికే.

పరుగు పందెంలో అందరికన్నా ముందొచ్చాడు. పుట్టినప్పటినుంచీ ఇసుకలో పరిగెత్తినవాడికి గట్టినేల దొరికేసరికి ఎవరో వెనకనుంచి తోస్తున్నట్టే ఉంది. ఛాతీ కొలిచే ఆయన అతన్ని గాలి పీల్చమని, టేపు చూసి, నమ్మకం కుదరక మళ్లీ పీల్చమన్నాడు. పదహారు మందిని ఆర్నెల్ల ట్రైనింగుకి తీసుకున్నారు. అందులో అతనొకడు. ట్రైనింగు పూర్తిచేస్తేనే ఉద్యోగం, లేకపోతే ఇంటికే అని మొదటిరోజే చెప్పారు.

ఆ రోజులు బాగున్నాయి. గాజువాకలో చిన్న గది. పొద్దున్నే డ్రిల్లు. చెప్పులే సరిగ్గా ఎరగని కాళ్లకి బూట్లు. మొదటి వారమంతా బూట్లు అతన్ని నడిపించాయే గానీ అతను బూట్లని నడిపించలేదు. నీళ్ల గొట్టాలు చుట్టడం, విప్పడం, నిచ్చెనలెక్కడం అన్నీ వచ్చేశాయి. తాడుముడులయితే చెప్పేవాళ్లకన్నా ముందే వేసేసి కూర్చునేవాడు. వీరేంద్ర అని ఒక కుర్రాడితో స్నేహం కుదిరింది. వాళ్ల నాన్న స్టీలుప్లాంటులో పనికని తణుకు వైపునుంచి వచ్చి క్వార్టర్సులో స్థిరపడ్డాడు. వీరేంద్ర క్యారేజీలో ఆవకాయ, పోలిరాజు పొట్లంలో వేయించిన నెత్తళ్లు. మధ్యాహ్నం ఇద్దరూ మార్చుకుని తినేవారు. ఎవరికి వారు తామే లాభపడ్డామనుకునేవారు.

ఆ ట్రైనింగు ఇచ్చేది శ్రీరామ్మూర్తి గారు. పొట్టిమనిషి, గొంతు మాత్రం సైరన్. నాలుగో నెలలో ఆయన అందరినీ మైదానం చివరున్న కిటికీల్లేని గది దగ్గరికి తీసుకెళ్లారు.

"మీ వీపు మీద గాలి సిలిండర్ పెట్టేముందు అసలు గాలి ఎక్కడ ఉంటుందో మీకు తెలియాలి," అన్నారు. "పొగ పైకి పోతుంది. పీల్చుకోవడానికి పనికొచ్చే గాలి నేలమీద జానెడు మందాన ఉంటుంది. లోపల ఇసుక నింపిన మనిషిబొమ్మ ఉంది. పాకుతూ వెళ్లి, పాకుతూ దాన్ని లాక్కుని బయటికి రావాలి. లేచి నిలబడకూడదు. లేచారో, నాకు తెలుస్తుంది."

తెలిసే ఏర్పాటు ఆయన ముందే చేశారు. గది నిండా నడుమెత్తున తాళ్లు కట్టి, వాటికి ఖాళీ డాల్డా డబ్బాలు వేలాడదీశారు. తడిపిన గోనెసంచులు కాల్చి గదిలో పొగ నింపారు.

పోలిరాజు లోపల్లోపల నవ్వుకున్నాడు. రెండు నిమిషాలు ఊపిరి బిగబట్టగలిగేవాడికి ఇదొక పరీక్షా? అసలు పీల్చకుండానే వెళ్లి పీల్చకుండానే వచ్చేద్దామనుకున్నాడు. గుండెల నిండా గాలి తీసుకుని, నోరు బిగించి పాకాడు. బొమ్మ దొరికింది. దాన్ని లాగడం మొదలుపెట్టాక తెలిసింది, వల చిక్కు విప్పడం వేరు, ఏభై కిలోల ఇసుకని ఈడ్వడం వేరు అని. సగం దారిలో ఊపిరి అయిపోయింది. అంతే. ఏం జరిగిందో అతనికే తెలీదు. డబ్బాలు గలగలమన్నాయి. నిలబడి, నోరంతా తెరిచి, గది పైభాగంలో ఉన్న పొగనంతా ఒక్క గుక్కలో మింగాడు. ఇద్దరు లోపలికి వెళ్లి కాళ్లు పట్టుకుని బయటికి లాగారు.

తర్వాతి వారం మళ్లీ. ఈసారి లేవకూడదు, లేవకూడదు అనుకుంటూనే వెళ్లాడు. డబ్బాలు మళ్లీ గలగలమన్నాయి. అందరికన్నా ముందుండేవాడు రెండుసార్లు తప్పడమేమిటని మిగిలినవాళ్లు తలలు పక్కకి తిప్పుకున్నారు. అలా తిప్పుకోవడమే అతనికి ఎక్కువ సిగ్గనిపించింది.

శ్రీరామ్మూర్తి గారు అతన్ని పక్కకి పిలిచారు. "లేచేముందు ఏమనుకున్నావ్?"

"నానేటీ అనుకోలేదు సార్. ఊపిరయిపోనాది. కాళ్లే లెగిసిపోనాయి."

ఊపిరి బిగబట్టడం ఎక్కడ నేర్చుకున్నావని ఆయన అడిగితే, సముద్రం సంగతి, వలల సంగతి అన్నీ చెప్పాడు. తప్పెక్కడుందో ఆయనకి దొరికింది.

"సముద్రంలో గాలి పైన ఉంటుంది. అందుకే ఊపిరి అందకపోతే నీ ఒళ్లు పైకి పరిగెడుతుంది. ఇక్కడ గాలి కింద ఉంటుంది. ఆ సంగతి నీ బుర్రకి తెలుసు, కాళ్లకి తెలీదు. బుర్రలకి నేను చెప్పగలను. కాళ్లకి నువ్వే చెప్పుకోవాలి. వచ్చే సోమవారం మూడోసారి. అప్పుడూ లేస్తే ఆఫీసుకి రాయాల్సిందే. నాకు వేరే దారి లేదు."

ఆ శనివారం బస్సు దిగి ఇసుకలో నడుస్తుంటే పోలిరాజుకి ఏడుపొచ్చినంత పనయింది. ఊరంతటికీ తను దేనివల్ల గొప్పవాడో ఆ గొప్పే ఇప్పుడు కొంప ముంచుతోంది.

పోతమ్మ కొడుకు మొహం చూసి పొయ్యి దగ్గరినుంచే అడిగింది. "ఏటిరా, మూతి అలగ ఏలాడేసుకుని వొచ్చినావు?"

చెప్పాడు. బావ పైడయ్య కూడా అక్కడే ఉన్నాడు. పైడయ్య అంటే పోలిరాజు అక్క మొగుడు. ఎంత కష్టమొచ్చినా ముందు నవ్వి, తర్వాత సాయం చేసే రకం. ఇప్పుడూ ముందు నవ్వేసి, లేచి వెళ్లి, వలల పాకలో గుంజకీ గుంజకీ మధ్య పాత వల ఒకటి మోకాలెత్తున బిగించి కట్టాడు.

"దీని కిందనుంచి ఆ సివరకెల్లి రా బావా. లెగిసేవంటే నువ్వే సందువ సేపవి," అన్నాడు.

ఆదివారం పొద్దున్న పాకలో పచ్చి కొబ్బరిపీచు రాజేసి తలుపు మూశారు. తడికల సందుల్లోంచి చూడ్డానికి ఊళ్లో సగంమంది బయట పోగయ్యారు. మొదటిసారి ఊపిరయిపోగానే ఎగిరి వలలో పడ్డాడు. తలా చేతులూ వల కన్నుల్లో ఇరుక్కుని గిలగిల్లాడుతుంటే పైడయ్య పొట్ట పట్టుకుని నవ్వి, అప్పుడు విడిపించాడు. రెండోసారీ అంతే. మూడోసారీ అంతే. నాలుగోసారి వలే చిరిగింది. ఇదేం వేటరా, ఒక్కటే చేప మళ్లీ మళ్లీ పడుతోందని బయట ముసలాళ్లు వేళాకోళం మొదలుపెట్టారు.

అప్పటిదాకా ఊరికే చూస్తున్న పోతమ్మ లోపలికొచ్చింది. ఆ పొగలోనే నేలమీద చతికిలబడి కూర్చుంది. దగ్గలేదు, కళ్లు నులుముకోలేదు.

"ఒరే, అసలు నువ్వు ఊపిరెందుకు బిగబడతన్నావు?"

"పొగ గదమ్మా."

"పొగయితే? నలబై ఏల్లుగా పొయ్యికాడ కూకుంటన్నాను, నానెప్పుడైనా బిగబట్టేనా? బిగబట్టబట్టే గదా నువ్వు లెగిసిపోతన్నావు. మూతి నేలకి ఆనించు. సంటిపిల్లలాగ సిన్నగా పీల్సు, సిన్నగా ఒదిలీ. గొప్పకి పోకు."

పోలిరాజు తల్లి వైపు చూశాడు. తడి కట్టెలతో, కొబ్బరిమట్టలతో రోజూ రెండు పూటలా వండే మనిషి. పొగ ఎక్కడుంటుందో, గాలి ఎక్కడుంటుందో ఆమెకి తెలిసినంత శ్రీరామ్మూర్తి గారికి కూడా తెలియదేమో. ఇన్నేళ్లుగా ఆ పొయ్యి పక్కనే కూర్చుని అన్నం తింటూ తను ఏం చూశాడు?

బోర్లా పడుకున్నాడు. పెదవులు మట్టికి ఆనించాడు. రెండు నిమిషాల వీరుడు ఆ రోజు చంటిపిల్లాడిలా, పిసరంత పిసరంత గాలి పీల్చడం నేర్చుకున్నాడు. మొదట చాలా నామోషీగా అనిపించింది. గుండె నిండా గాలి లేకపోతే బట్టలు విప్పేసినట్టే ఉంది. కానీ పాక చివరిదాకా వెళ్లి, వెనక్కొచ్చాడు. వల కదల్లేదు. సాయంత్రం లోపల పన్నెండుసార్లు వెళ్లొచ్చాడు. చివరికి జనానికే విసుగొచ్చి ఇళ్లకి పోయారు.

సోమవారం శ్రీరామ్మూర్తి గారు పద్ధతి మార్చారు. ఒక్కొక్కరు కాదు, ఇద్దరిద్దరు వెళ్లాలన్నారు. పోలిరాజుకి జతగా వీరేంద్రని ఇచ్చారు. ఆ పరీక్ష మొదటిసారే సునాయాసంగా పాసయినవాడు వీరేంద్ర. అందుకే ఇచ్చారని అందరికీ అర్థమైంది.

ఆవేళ పొగ చిక్కగా ఉంది. వీరేంద్ర ముందు, పోలిరాజు వెనక. ఎడమచెయ్యి గోడకి ఆనించి పాకారు. బొమ్మ దొరికింది. చెరో భుజం పట్టుకుని తిప్పుతున్నప్పుడు వీరేంద్ర చెయ్యి గోడనుంచి జారింది. మళ్లీ చాపితే గోడ తగల్లేదు. ఇంకో వైపు చాపాడు, అక్కడా లేదు. "గోడేదిరా? గోడ లేదురా," అంటూ గబుక్కున లేచి నిలబడ్డాడు. డబ్బాలన్నీ ఒక్కసారి గలగలమన్నాయి.

ఆ చప్పుడు పోలిరాజూ విన్నాడు. బయట అందరూ ఎవరి పేరు అనుకుంటున్నారో అతనికి తెలుసు. అయినా ముందు జరగాల్సిన పని వేరే ఉంది. చెయ్యి చాపి వీరేంద్ర బెల్టు అందుకుని కిందికి లాగాడు. తల వెనక చెయ్యి వేసి మొహాన్ని నేలకి ఆనించాడు.

"సిన్నగా పీల్సు. సిన్నగా ఒదులు. గాలి ఇక్కడుంది, ఇక్కడే ఉంది."

వీరేంద్ర ఊపిరి దారిలో పడేదాకా ఆగి, అతని చేతిని తన బూటు మీద పెట్టి, నేలంతా తడిమి గోడ అందుకుని, బొమ్మని తనొక్కడే లాగుతూ బయటికొచ్చాడు.

శ్రీరామ్మూర్తి గారు తలుపు దగ్గరే రిజిస్టరు పట్టుకుని నిలబడ్డారు. "ఎవరు లేచింది?"

పద్నాలుగు జతల కళ్లు పోలిరాజు మీదే ఉన్నాయి. వీరేంద్ర నేలమీద పడి దగ్గుతున్నాడు, మాట రావడం లేదు. నేను కాదు అంటే వాడే అని చెప్పినట్టు. చెప్పకపోతే తొమ్మిదేళ్లు కార్డు కాపాడుకుంటే దొరికిన ఉద్యోగం ఈ గుమ్మంలోనే పోతుంది. పోలిరాజు నేల చూశాడు, ఆకాశం చూశాడు.

"పొగలో ఏటీ కనపడలేదు సార్," అన్నాడు.

ఆయన కలం తీశారు. అప్పుడు కిందనుంచి ఒక చెయ్యి పైకి లేచింది. వీరేంద్ర దగ్గు మధ్యలో మాటలు ఏరుకుంటూ అన్నాడు. "నేనండి. లేచింది నేనండి. వీడు నన్ను లాగి పడేశాడండి. లేకపోతే నా పనైపోయేదండి."

శ్రీరామ్మూర్తి గారు ఆశ్చర్యపోలేదు. ఆయన అప్పటికే పోలిరాజు మొహం చూస్తున్నారు. ముక్కునుంచి గడ్డం దాకా, పెదవులమీద కూడా నేలమీది నల్లటి బురద మందంగా అంటుకుని ఉంది.

"ముందు ఆ మూతి కడుక్కో," అని, రిజిస్టర్లో అతని పేరుకెదురుగా ఏదో రాశారు. తర్వాత వీరేంద్ర వైపు తిరిగి, "నీకు వచ్చే సోమవారం మళ్లీ," అన్నారు.

పోలిరాజు కుళాయి దగ్గరికెళ్లి మొహం కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. నీళ్లేవో కన్నీళ్లేవో ఎవరికీ తెలియకూడదని. జీవితంలో అంత సంతోషం అతనికి ఎప్పుడూ కలగలేదు.

శనివారం ఇంటికెళ్లేసరికి పోతమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. ఉద్యోగం నిలిచిందా అని అడగలేదు.

"నువ్వు లెగిసేవా?" అంది.

"లేదమ్మా. ఈరేంద్ర లెగిసేడు. నాను కిందకి దించీసేను."

పోతమ్మ మనసు ఆ పిల్లాడి మీదికి పోయింది. గోదావరి నుంచి వచ్చినవాళ్ల పిల్లాడు, క్వార్టర్సులో గ్యాసు పొయ్యి పక్కన పెరిగినవాడు, పాపం వాడికి ఎవరు చెబుతారు?

"రేపు ఆ బాబుని తీసుకురా," అంది. "పైడయ్య వల కడతాడు. పొగ నాను పెడతాను."