మా కోడలి అడ్మిషన్లు, నా నోరు

ఈ ఏడు మా కోడలు పద్మ పదో తరగతి నుంచి ఎల్‌కేజీకి వెళ్లింది. చదవడానికి కాదులెండి, చెప్పడానికి. పంపించింది నేనే! నవ్వడం తర్వాత, ముందు టీ తాగండి.

పద్మ రేపల్లెలో ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు, సోషల్ చెబుతుంది. అక్కడ టీచర్లకి వేసవి సెలవులంటే పేరుకే. కరపత్రాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి కొత్త పిల్లల్ని చేర్పించాలి. "ఈసారి అడ్మిషన్లు తేకపోతే పదో తరగతి వేరేవాళ్లకి ఇచ్చేస్తా" అన్నాడట కరస్పాండెంటు. ఆ క్లాసంటే ఆ పిల్లకి ప్రాణం.

"నిజాంపట్నం పోదాం పద. అక్కడ నా మాట కాదనేవాళ్లు లేరు" అన్నాను. చేపల బోటు మీద పనిచేసినంత కాలం అక్కడే కదా ఉన్నాను.

"వద్దు మావయ్యా, ఎండ మండిపోతోంది."

"ఎండ నాకు కొత్తా?"

బస్సు దిగుతూ మళ్లీ చెప్పింది. "మీరు పలకరించండి చాలు. స్కూలు సంగతి నేను మాట్లాడతాను." సరేనన్నాను.

మొదట మంగ ఇంటికి వెళ్లాం. వాళ్ల నాన్న, నేను ఒకే బోటులో పనిచేశాం. మంగ మజ్జిగ ఇచ్చింది. పద్మ చక్కగా చెబుతోంది, మంగ తల ఊపుతోంది. పని అయిపోవచ్చింది. నేను ఊరుకోవచ్చు కదా! కరపత్రం అందుకుని, కళ్లజోడు కూడా లేకుండా, పైనుంచి కిందిదాకా గట్టిగా చదివేశాను.

మంగ నోరు తెరిచింది. "పెదనాన్నా, నీది వేలిముద్రే కదా! ఎప్పుడు నేర్చుకున్నావ్?"

"ముసలితనంలోనే. రాత్రి బడిలో."

"ఏ బడి?"

పద్మ నా కాలు తొక్కింది. నేను కాలు పక్కకి జరుపుకుని, "ఇంకేది, రేపల్లె సర్కారు బడే! ఆ పంతులుగారు బంగారం" అన్నాను.

మంగ బుగ్గన వేలేసుకుంది. "ముసలాయనకి రాత్రిపూట ఇంత నేర్పారంటే, పిల్లలకి పగలు ఇంకెంత బాగా చెబుతారో!"

"అవునే!" అంది గుమ్మంలో నిలబడ్డ పక్కింటావిడ.

నేను గబగబా అడ్డుపడ్డాను. "అబ్బే, అక్కడేం చెప్పరమ్మా."

"మరి నీకెలా వచ్చింది?"

"నేను మొండివాణ్ణి కాబట్టి వచ్చింది!"

"మావాడూ మొండోడే పెదనాన్నా."

మిగతా ఇళ్లకి మా కంటే ముందే కబురు వెళ్లిపోయింది. "చదివే తాత వచ్చాడు! ఏదీ, చదువు తాతా" అని నా చేత చదివించుకోవడం, సర్కారు బడికే పంపుతామనడం, మజ్జిగ ఇవ్వడం. ప్రతి ఇంట్లోనూ చదివాను. అంత ప్రేమగా అడిగితే కాదంటానా?

తిరుగు బస్సులో పద్మ కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుంది. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆ పిల్లకి గొంతు ఉండదు. పదో తరగతివాళ్లకి దేశాలూ ఖండాలూ చెప్పిన మనిషి, పసివాళ్లని కుదురుగా కూర్చోబెట్టలేక అలిసిపోతోంది. అందుకని ఇంట్లో నా మీద ప్రాక్టీసు చేస్తోంది.

నిన్న ఎదురుగా నిలబడి, "చేతులు కట్టుకోండి మావయ్యా" అంది. కట్టుకున్నాను.

"నోటి మీద వేలు."

పెట్టుకున్నాను.

"ఏం, కష్టంగా ఉందా?"

వేలు తీయకుండా తల అడ్డంగా ఊపాను. కష్టమేం లేదు. మా పంతులుగారు నాకు అఆల నుంచి అన్నీ నేర్పారు గానీ, ఈ ఒక్క పాఠం వదిలేశారు.