మూడుసార్లు నేనే తెరిచిన ఫోన్

జూలూరుపాడు మెయిన్ రోడ్డు మీద మా షాపు సగం నాది, సగం మా ఆవిడది. నా వైపు ఫోన్ల రిపేరు, ఆమె వైపు కుట్టుమిషను. మా నాన్న నా బల్ల మీదే గడియారాలు బాగుచేసేవాడు. ఇంట్లో మేం ఉర్దూ మాట్లాడుకుంటాం. మా ఇద్దరి మాటల్ని మాత్రం ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను. మిగతాదంతా తెలుగులోనే జరిగింది.

ఆ సారు మొదటిసారి వచ్చింది వానాకాలంలో, ఒక ఆదివారం పొద్దున. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. కాలేజీలో లెక్కలు చెబుతానన్నాడు. జేబురుమాలులో చుట్టిన ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. ఖరీదైన ఫోన్, వెనక కవర్ లేదు.

"దీన్ని జైల్‌బ్రేక్ చేయాలె భాయ్. చేస్తవా?"

ఆ మాట మా ఊళ్లో ఎవరి నోటా విని ఉండలేదు. కంపెనీవాళ్లు ఫోన్ లోపల ఒక తాళం వేసి పంపుతారు. వాళ్లు ఒప్పుకున్న యాప్‌లు తప్ప మరొకటి అందులోకి పోనివ్వరు. ఆ తాళం తెంచడమే జైల్‌బ్రేక్. నేను హైదరాబాద్‌లో పని నేర్చుకున్నప్పుడు ఇష్టంగా నేర్చుకున్న విద్య అదొక్కటే. ఇక్కడికొచ్చాక డిస్‌ప్లేలు, ఛార్జింగ్ పిన్నులు మార్చడంతోనే సరిపోయింది.

"ఎందుకు సార్?" అని అడిగాను.

"కాల్ రికార్డింగ్ పెట్టుకుందామని. కంపెనీ ఇస్తలేదు గద."

నమ్మాను. ఫోన్ తెరిచే నంబరు ఆయనే కొట్టాడు. ఇంకేం అడుగుతాను?

మొదట కంప్యూటర్ ఫోన్‌ను గుర్తుపట్టలేదు. కేబుల్ మార్చాను, ఫలితం లేదు. దీపం కింద పెట్టి చూస్తే ఛార్జింగ్ పెట్టే రంధ్రం నిండా ఎర్రమట్టి గట్టిపడి ఉంది. సూదితో మెల్లగా గీకి తీశాను. ఈ లెక్కల సారు ఇంత మట్టిదారుల్లో ఎక్కడ తిరుగుతాడా అనిపించింది. అంతటితో ఊరుకున్నాను. ఆ తరువాత కంప్యూటర్ పట్టుకుంది గానీ, ఫోన్ తనంతట తానే కొత్త వెర్షన్‌కు అప్‌డేట్ అయిపోయి ఉంది. నా దగ్గరున్న టూల్ పాత వెర్షన్ వరకే పనిచేస్తుంది. కొత్తది వచ్చేదాకా ఆగాలని, ఈలోగా అప్‌డేట్ కాకుండా ఆపి పెడతానని చెప్పాను. ఆయన గడియారం చూసుకుని, ఫోన్ రుమాలులో చుట్టుకుని వెళ్లిపోయాడు.

నాలుగో ఆదివారం వచ్చాడు. ఈసారి టూల్ సరిపోయింది. సగం దూరం పోయాక ఫోన్ తెరమీద కంపెనీ గుర్తు వచ్చి ఆగిపోయింది. ఆరిపోతుంది, మళ్లీ గుర్తు వస్తుంది, మళ్లీ ఆరిపోతుంది. ఇలా అయినప్పుడు కస్టమర్లు ఫోన్ పోయిందేమోనని నా మీద పడతారు. ఆయన కదలకుండా స్టూలు మీద కూర్చుని అడిగింది ఒక్కటే.

"పదకొండున్నరకల్లా నా చేతికొస్తదా?"

"చూస్తున్న సార్. డేటా పోవచ్చు."

"పోవద్దు. లోపల ఉన్నది ఉన్నట్టుండాలె. చెయ్యి పడ్డట్టు తెల్వద్దు."

ఆ చివరి మాట నేను విన్నాను. విన్నానని మా ఆవిడ దగ్గర తరువాత ఒప్పుకున్నాను కూడా. కానీ అప్పుడు నా ధ్యాసంతా ఆరి వెలుగుతున్న ఆ గుర్తు మీదే ఉంది. బటన్లు నొక్కిపట్టి రికవరీ మోడ్‌లోకి తెచ్చాను, బయటికి తీశాను, ఛార్జింగ్ నిండా ఎక్కించి మళ్లీ మొదలుపెట్టాను. పదకొండు దాటాక తెరుచుకుంది. నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. ఆయన ఫోన్ తీసుకుని, నాకు వీపు పెట్టి కూర్చుని, ఏదో యాప్ తానే ఎక్కించుకున్నాడు. తరువాత నేను చేతికి తీసుకుని ఒకసారి తిప్పి చూశాను. కొత్త యాప్ బొమ్మ ఏదీ తెర మీద లేదు.

తరువాతి ఆదివారమే మళ్లీ వచ్చాడు. "ఆగిపోయింది భాయ్."

"ఫోన్ బ్యాటరీ అయిపోయి ఆఫ్ అయిందా సార్? ఈ రకం ఫోన్ ఆఫ్ అయితే తాళం మళ్లీ పడుతది. మళ్లీ చేయాలె."

"ఆఫ్ కాకుండ చేయొచ్చా?"

"అది మన చేతుల లేదు."

"సరే. అడవి దిక్కు సిగ్నల్ ఉండదు గద. రెండు మూడు గంటలు లేకపోతే లోపలిది ఏమైతది?"

"లోపల్నే జమైతది సార్. సిగ్నల్ రాంగనే ఒక్కసారే పోతది."

ఎక్కడికి పోతుందో, ఏం పోతుందో ఆయన చెప్పలేదు. నేను అడగలేదు. తెలిసిన ప్రశ్నకు తెలిసిన జవాబు చెప్పాను, రెండోసారి తాళం తెంచి ఇచ్చాను, అంతే. రెండు నెలలు దాటాక, మూడోసారి తెరిచిన ఆదివారం, ఆయన తొందరలో కవర్ తీయకుండానే తెచ్చాడు. పారదర్శకంగా ఉన్న ఆ కవర్ వెనక మడిచిన కాగితం కనబడింది. ఆడవాళ్ల చేతిరాత. గూడేల పేర్లు, పిల్లల పేర్లు, ఎదురుగా టీకా తేదీలు. నా చూపు అక్కడ ఆగడం చూసి ఆయన కాగితం తీసి జేబులో పెట్టుకున్నాడు. ఆయన వెళ్లాక మా ఆవిడ మిషను ఆపింది.

"ఆ ఫోన్ ఎవరిది?"

"ఆయనదే. నంబరు ఆయనే కొట్టాడు కదా."

"మీ ఫోన్ తెరిచే నంబరు నాకు తెలుసు. అంతమాత్రాన అది నాదవుతుందా?"

నేను కేబుల్ చుట్టి పెట్టాను.

పదిరోజులు దాటాక, గురువారం మధ్యాహ్నం, ఒక నర్సు షాపులోకి వచ్చింది. ముప్పై ఐదు లోపే ఉంటుంది. స్కూటీ చక్రాల నుంచి చీర అంచు దాకా ఎర్రమట్టి. అడవి గూడేలకు టీకాలు, మందులు తీసుకుపోయే ఆమె.

"అన్నా, ఈ ఫోన్ ఊకె వేడైతుంది. పొద్దున ఛార్జింగ్ పెడితే పన్నెండింటికే అయిపోనీకె వస్తుంది. బ్యాంకు యాప్ తెరుస్తే ఈ ఫోన్ భద్రం కాదు అంటుంది. ఏందో సూడు."

కుడిమూల నాకు బాగా గుర్తున్న చిన్న పగులు. నా చేతిలో మూడుసార్లు తిరిగిన ఫోన్. వేడి, బ్యాటరీ, బ్యాంకు యాప్ మొరాయించడం, మూడింటికీ కారణం నాకు తెలుసు. తాళం తెగిన ఫోన్‌లో బ్యాంకు యాప్ నడవదు. ఎప్పుడూ పనిచేసే యాప్ ఒకటి లోపల ఉంటే బ్యాటరీ నిలవదు. ఆమె స్టూలు మీద కూర్చుని, అలిసిన మనిషి మాట్లాడినట్టు మాట్లాడుతూ పోయింది.

"మా ఆయన సాయంత్రం అయితే అన్నీ అడుగుతడు. గూడెంల ముసలమ్మతోటి నేనేమన్ననో కూడ చెప్తడు. అడవిల ఎవరున్నరన్నా చెప్పనీకె? నాతోటి తిరిగే ఆశా వర్కర్ చెప్తుందనుకున్న. రెండు నెలలాయె ఆమెతోటి మాట బంద్ చేసిన. ఆమె ఏడ్సింది గూడ."

నా చేతిలోని స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టాను. ఆమె అన్న ప్రతి మాటా ఆ క్షణంలోనే ఎక్కడికో పోతోంది. నేను నోరు తెరిస్తే నా మాటా పోతుంది. మా ఆవిడ వైపు చూశాను. ఆమె నా ముఖం చూసి అర్థం చేసుకుంది. కుట్టడానికి ఏమీ లేకపోయినా ఒక పాత గుడ్డ సూది కింద పెట్టి మిషను తొక్కడం మొదలుపెట్టింది.

నేను వేలు పెదాల మీద పెట్టుకుని, రశీదు వెనక పెన్సిలుతో రాశాను: "ఈ ఫోన్ వింటుంది. బయటికి రండి."

ఆమె రెండుసార్లు చదివింది. ఫోన్‌ను బల్ల మీదే వదిలి, చప్పుడు కాకుండా లేచింది. షాపు వెనక పత్తి బస్తాలు దించే జాగాలో నిలబడి చెప్పాను. ఏం చేశానో, ఎవరు చేయించారో. మిషను చప్పుడు లోపల ఆగకుండా వినిపిస్తూనే ఉంది.

"ఎన్నిసార్లు?" అంది.

"మూడుసార్లు. ఆదివారం పూట తెచ్చేటోడు."

"ఆదివారం నేను చర్చికి పోత. ఫోన్ ఇంట్లనే ఛార్జింగ్ పెట్టి పోత." నా వైపు తిరిగింది. "నువ్వు అడగలేదా అన్నా, ఎవరిదని?"

అడగలేదని చెప్పాను. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

"ఇప్పుడే అంతా తుడిచేస్త," అన్నాను.

"తుడిస్తే ఆయనకు తెలుస్తదా?"

"తెలుస్తది. జల్దీనే తెలుస్తది."

ఆమె గోడకు ఆనుకుని ఆలోచించింది. ఖమ్మంలో అక్క ఉంది. అక్కడికి చేరేదాకా, ఉద్యోగం కాగితాలు చేతికొచ్చేదాకా ఏమీ తెలియనట్టే ఉండాలి అంది. "బుధవారం దాకా గిట్లనే ఉండనియ్యి. ఈ ఆరు రోజులు నేను మాట్లాడుకుంట ఉంట. ఆయనకు వినబుద్ధైనవే మాట్లాడుత." ఇద్దరం లోపలికొచ్చాక, ఫోన్‌లో ఆ యాప్ ఎక్కడుందో నోరు మెదపకుండా తెర మీద చూపించాను. నా ఫోన్‌తో దానికి ఫొటోలు తీసి పెట్టాను, రేపు ఎవరైనా అడిగితే చూపించుకోవడానికి. ఆమె మామూలు గొంతుతో, "బ్యాటరీ మార్చాలె అంటవా అన్నా, సరే, మళ్లొస్త," అని ఫోన్ తీసుకుని పోయింది.

శనివారం సారు వచ్చాడు. ఈసారి రుమాలు లేదు, ఫోన్ లేదు. స్టూలు మీద కూర్చుని షాపంతా మెల్లగా చూశాడు.

"గురువారం మధ్యాహ్నం ఫోన్ అరగంట ఇక్కడ ఉంది భాయ్. మ్యాప్ చూపించింది."

బ్యాటరీ సంగతి చెప్పబోయాను. అది ఆయన విన్నదే. కానీ ఆ అరగంట మౌనానికి ఏం చెప్పాలో తెలియలేదు. మా ఆవిడ తల ఎత్తకుండానే అంది, "బ్యాటరీ సూపెట్టనీకె వచ్చింది సార్. వచ్చిన కాడ జాకెట్ కొలతలు ఇచ్చింది. చెంబెడు నీళ్లడిగితే వెనక్కి తీస్కపోయిన. ఫోన్ గా బల్ల మీదనే మర్చిపోయింది. జాకెట్ బుధవారం వచ్చి తీస్కపొమ్మన్న."

ఆయన ఆమెను చాలాసేపు చూశాడు.

"నువ్వు తీస్కపోతే మిషను ఎవరు తొక్కిన్రు?" అని అడగలేదు. ఆ ప్రశ్న ఆయన ముఖంలో కనబడినట్టు నాకనిపించింది, అంతే. తరువాత నవ్వాడు.

"అవ్. మిషను చప్పుడే వినవడ్డది," అన్నాడు. "ఈ మధ్య మంచిగనే మాట్లాడుతుంది. పాటలు గూడ పాడుతుంది. ఏందో మరి."

ఆయన వెళ్లాక మా ఆవిడ మిషను మీద గుడ్డ కప్పేసింది. ఆ రోజు ఆమె మళ్లీ మిషను ముట్టుకోలేదు.

బుధవారం పదింటికి నర్సు వచ్చింది. స్కూటీ హెల్త్ సెంటర్లో వదిలి ఆటోలో వచ్చింది. భుజానికి ఒక సంచి. ఫోన్ తీసుకుని కంప్యూటర్‌కు తగిలించి, రికవరీ మోడ్‌లో మొత్తం తుడిచి కంపెనీ తాళం మళ్లీ ఎక్కించడం మొదలుపెట్టాను. తెర మీది గీత సగం నిండాక ఆగిపోయింది. కేబుల్ మార్చాను. కరెంటు పోతే ఇన్వర్టర్ అందుకుంది. రోడ్డు మీద ప్రతి బండి చప్పుడుకూ ముగ్గురం తలుపు వైపు చూశాం. రెండోసారి గీత చివరిదాకా పోయింది. తెర తెల్లబడి, ఫోన్ కొత్తదానిలా ఏ భాష కావాలని అడిగింది.

ఆమె దాన్ని అక్కడే ఆఫ్ చేసింది. "దీని మీద నమ్మకం పోయిందన్నా. నీ ఫొటోలతోటి కలిపి పోలీసోళ్లకు ఇస్త," అని సంచిలో వేసుకుంది. మా ఆవిడ బస్సు దాకా తోడు పోయింది.

సారు ఆ సాయంత్రం వచ్చాడు. ఏమీ అడగలేదు. స్టూలు మీద కూర్చుని, నేను పని చేసుకుంటుంటే నా చేతులనే చూస్తూ గంటసేపు ఉన్నాడు. మరునాడూ అంతే. మూడోనాడూ అంతే. కస్టమర్లు ఉంటే నవ్వుతూ జరిగి చోటిచ్చేవాడు. నాలుగోనాడు స్టేషన్ నుంచి పిలుపొచ్చింది, ఆయనకూ నాకూ. మూడుసార్లు తాళం తెంచింది నేనేనని రాసిచ్చి సంతకం పెట్టాను. సారు మాత్రం భార్య క్షేమం కోసమే చేశానని, అడవిలో తిరిగే మనిషి కదా అని, ఎంతో నెమ్మదిగా చెప్పాడు. వింటుంటే నిజమేననిపించేటట్టు చెప్పాడు.

కేసు ఇంకా నడుస్తోంది. ఆమె ఖమ్మం దిక్కు వేరే చోట పనిచేస్తోంది. ఆ ఆశా వర్కర్ ఇంటికి తానే ఒకసారి పోయి మాట్లాడి వచ్చిందని విన్నాను. వాళ్ల మధ్య ఏం మాటలు జరిగాయో తెలియదు. సారు ఊరు మారలేదు. రోడ్డు మీద కనబడితే నాకు నమస్కారం పెడతాడు.

ఇప్పుడు నేను జైల్‌బ్రేక్ చేయను. అయినా అడిగేవాళ్లు తగ్గలేదు. ఫోన్ ఎవరిదని అడిగితే కొందరు లేచిపోతారు. ఒకతను పర్ణశాల నుంచి ట్యాబ్ తెచ్చి, బిడ్డదే అన్నాడు. బిడ్డను తీసుకురమ్మన్నాను. "ఇప్పుడు తాళం తెంచుడు గూడ అక్కర్లేదంట భాయ్, లింక్ పంపితే సాలంట," అని తీసుకుపోయాడు. ఎవరి దగ్గరికి పోయాడో తెలియదు.

ఆ రోజు షాపు మూసే ముందు మా ఆవిడ తన ఫోన్ తెచ్చి నా ముందు పెట్టింది.

"దీన్ని కూడా ఒకసారి చూడండి," అంది.

"ఏమైంది? వేడెక్కుతోందా?"

"లేదు. ఊరికే చూడండి. నేను చూస్తుండగా."

పెళ్లయి పద్దెనిమిదేళ్లు. నేను ఫోన్ తెరిచి ఒక్కొక్కటే చూపిస్తూ పోయాను. ఆమె చూసింది తెరను కాదు, నా ముఖాన్ని. అందులో ఏమీ లేదని చెప్పాను. సరేనని ఫోన్ తీసుకుంది. నమ్మిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.