కోల్డ్ స్టోరేజీ మిర్చికి గురుగ్రామ్‌లో గెలుపు

నాలుగేళ్ల కిందట రాయవలసిన ఒక మాట నేను రాయలేదు. ఢిల్లీలో మిర్చి ఎగుమతిదారులకు నివేదికలు రాసిపెట్టడం నా ఉద్యోగం. మిర్చిలో మిగిలే ఒక పురుగుమందు పరిమితిని బాగా తగ్గించబోతున్నామని, అభ్యంతరాలుంటే చెప్పమని మన సరుకు కొనే సంపన్న దేశాలు అడిగాయి. మన మిర్చి కోసిన వెంటనే ఓడ ఎక్కదు. నెలల తరబడి కోల్డ్ స్టోరేజీలో ఉంటుంది. అంటే పాత రూలు ఉండగా మందు కొట్టిన పంటకు కొత్త రూలుతో పరీక్ష. ఈ సంగతి తెలిసి కూడా, ఫైలు ముగించే తొందరలో ‘అభ్యంతరం లేదు’ అని పంపేశాను. ఆ ఏడు పల్నాడు రైతు సంఘం సరుకు విదేశీ రేవు నుంచి తిరిగొచ్చింది. మందు ఎక్కువ కొట్టించావంటూ సభ్యులంతా అధ్యక్షురాలు కోటేశ్వరమ్మ గారిని నిలదీశారు. ఎగుమతిదారుల తరఫున వెళ్లి ఆ సమావేశంలో నేనూ ఉన్నాను. నోరు విప్పలేదు.

ఈ చలికాలం మరో మందు మీద అలాంటి ప్రతిపాదనే వచ్చింది. ఈసారి ఆ దేశాల అధికారులే గురుగ్రామ్ వచ్చి రైతుల మాట వింటామన్నారు. కోటేశ్వరమ్మ గారిని నేనే పిలిపించాను.

మయూర్ విహార్‌లోని మా ఫ్లాట్ నుంచి ఉదయం ఏడింటికి బయల్దేరాం. మెట్రో తనిఖీలో ఆవిడ సంచి దగ్గర జవాను ఆగిపోయాడు.

“మిర్చీనా? అమ్మా, మనోళ్లేనా? యా ఊరు మీది?”

“పల్నాడు నాయనా. ముక్కు భలే పట్టిందే!”

అతను తుమ్ముతూనే సంచి పంపించాడు.

రాజీవ్ చౌక్‌లో రైలు మారాలి. ఆ వేళకు అక్కడ జనం తోసేస్తారు, వెంట పెద్దవాళ్లుంటే చెయ్యి వదలకండి. పసుపు లైను రైల్లో సీట్లు దొరికాక ఆవిడ మెల్లగా అంది: “ఈసారీ సరుకు తిరిగొస్తే నేనిక సంఘంలో ఉండను తమ్ముడూ. వాళ్ల మొహాలు చూడలేను.” అప్పుడే చెప్పేయాల్సింది. స్టేషన్ల పేర్లు చదువుతూ కూర్చున్నాను.

పదింటికి సమావేశం మొదలైంది. దుబాసీని నేనే. అధికారులలో పెద్దావిడ అడిగింది: “మార్చిలో కోసింది మళ్లీ జనవరిలో పంపడమేమిటి?”

“ఊరంతా ఒక్కసారే యార్డుకు తోలితే ధర ఉంటదా అమ్మా? మీ ఇంట్లో ఫ్రిజ్ లేదా ఏంది?”

ఉన్నదున్నట్టే చెప్పాను. అందరూ నవ్వారు. కోటేశ్వరమ్మ గారు నమూనా మిర్చి సంచి విప్పేసరికి ఆ నవ్వు దగ్గులోకి దిగింది. “పాపం, మంచినీళ్లియ్యండి వాళ్లకి” అంటూనే ఆవిడ నోటుపుస్తకాలు బయటికి తీసింది. ఏ చేలో ఏ రోజు ఏ మందు కొట్టారో వాటిలో ఉంది. పక్కనే కోల్డ్ స్టోరేజీ రసీదులు పేర్చింది.

“రూలు మార్చొద్దని నేననట్లా. మా పిల్లలు తినేదీ ఈ మిరపకాయే. మందు తగ్గిస్తాం. కోసిన తేదీ చూడమంటున్నా, అంతే.”

వాళ్లు రెండు గంటలపాటు తేదీలు సరిచూసుకున్నారు. ఒంటి గంటకు పెద్దావిడ సవరణ చదివింది: రూలుకు ముందే కోసినట్టు కోల్డ్ స్టోరేజీ రసీదు ఉన్న పంటకు పాత పరిమితే వర్తిస్తుంది. నేను తెలుగులో చెప్పేలోపే, నా మొహం చూసి ఆవిడే “గెలిచామా?” అంది.

అదే లైనులో పటేల్ చౌక్‌కు వచ్చి, అశోకా రోడ్‌లోని మన తెలుగు క్యాంటీన్‌లో భోజనం చేశాం. మూడు దాటితే అక్కడ భోజనం దొరకదు. సంఘం ఆఫీసుకు ఫోన్లో కబురు చెప్పి, ఆవిడ గోంగూర పచ్చడి మూడుసార్లు వేయించుకుంది. సంపన్న దేశాలు తమ పళ్లెం బాగుచేసుకోవడం తప్పు కాదు. అక్కడ గీసిన గీత మన చేలల్లో ఎవరికి తగులుతుందో చెప్పవలసింది మనమే. చెబితే వింటారని ఆ రోజు కళ్లారా చూశాను.

సాయంత్రం న్యూఢిల్లీ స్టేషన్లో విజయవాడ రైలు ఎక్కించి, పక్కన కూర్చున్నాను. కదలడానికి ఇంకా పావుగంట ఉంది. సంఘం ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, ఆవిడ స్పీకర్ పెట్టింది. అవతల కేకలు, ఈలలు. సంఘంలో పెద్దాయన సాంబయ్య గారి గొంతు: “దొరల్నే దగ్గించావంటగా కోటేశ్వరమ్మా! పోయినసారి చేసిన తప్పు కడిగేసుకున్నావులే!”

ఆవిడ మొహంలో నవ్వు ఆరిపోయింది. ఫోన్ నేను తీసుకున్నాను.

“సాంబయ్య గారూ, అందరూ వినండి. పోయినసారి తప్పు అక్కది కాదు, నాది. కోల్డ్ స్టోరేజీ సంగతి ఆ దేశాలకు రాయాల్సింది నేను, రాయలేదు. మీరు ఆవిడను అంటుంటే మీ పక్కనే కూర్చుని విన్నాను.” తర్వాత ఆవిడ వైపు తిరిగాను. “నాలుగేళ్లు మీ మీద మాట పడనిచ్చాను. నన్ను క్షమించక్కా.”