చక్రం కాలికి ఇమామ్ జామిన్

ట్రాన్సిస్టర్లలో బాంబులు పెడుతున్నారని జనం హడలిపోతున్న రోజులవి. రేడియోతో ఎగిరే నా జెట్ విమానం బొమ్మ తాండూరులో బండల మీద దిగుతూ చక్రం కాలు విరగ్గొట్టుకుంది. వికారాబాద్ స్టేషన్ వెయిటింగ్ రూములో, బండి వచ్చేలోగా అతికిద్దామని దాన్ని బయటికి తీశాను. కాలికి జిగురు పూసి రెక్కకు అదిమి పట్టుకున్నాను. పక్కనే ఏరియల్ ఉన్న రిమోట్ పెట్టె, వైర్లు.

"బాంబు!" అని ఎవరో అరిచారు. క్షణంలో గది ఖాళీ అయింది. గుమ్మంలో ఒకాయన నా మీదికి రాయి ఎత్తాడు. బొమ్మ అని నేనన్నది బయటి అరుపుల్లో ఆయనకు వినపడలేదు.

బురఖా వేసుకున్న ఒక పెద్దామె ఆయన్ను దాటుకుని లోపలికి వచ్చింది.

"ఏందది బిడ్డా?"

"విమానం బొమ్మ. కాలు విరిగింది."

ఆమె నా ముఖంలోకి చూసింది. తర్వాత చేతిని బురఖాలోకి పోనిచ్చి, జబ్బకున్న ఇమామ్ జామిన్ విప్పింది. ప్రయాణంలో ఏ ఆపదా రాకూడదని ఇంట్లోవాళ్లు కట్టి పంపే పట్టీ అది. దాంతోనే విరిగిన కాలిని రెక్కకు బిగించి కట్టింది.

గుమ్మంలో ఆయన రాయి కింద పడేశాడు.

"మరి మీరు ఊరికి పోవాలి కదమ్మా?" అన్నాను.

"నాకేం ఫికర్ లేదు. నువ్వు పైలంగ పో."

నా బండికంటే ముందు ఆమె బండి వచ్చింది. ఎక్కి కిటికీ దగ్గర కూర్చుంది. పట్టీ విప్పిన జబ్బను రెండో చేత్తో గట్టిగా పట్టుకుని, బండి మలుపు తిరిగేదాకా వదల్లేదు.