దండు తప్పెట వయసు

పాత డ్రమ్ముల విషయంలో నాకు మొహమాటం లేదు. నంద్యాలలో బడి బ్యాండ్లకు సైడ్ డ్రమ్ము నేర్పడం నా పని. ఎన్‌సీసీ రోజుల నుంచీ మెడకు పట్టీ తగిలించుకుని వాయించినదాన్ని. ఎక్కడైనా పాత డ్రమ్ము కనిపిస్తే దాన్ని తిరగేసి, ఎప్పటిదో, ఎవరు చేశారో తేల్చుకునేదాకా నాకు నిద్ర పట్టదు. ఆ పిచ్చి ఊళ్లో అందరికీ తెలుసు. అందుకే ఎవరింటి అటక మీద ఏ డబ్బా దొరికినా "మేడం, తెల్లోళ్ల కాలం దండు డ్రమ్మంట, చూడండి" అని మోసుకొచ్చేస్తారు. చాలావరకు షోకేసు సరుకే. పల్చటి ఇత్తడి రేకు, మెషీను మీద కోసిన మరలు, ప్లాస్టిక్ చర్మం, పైన డికాక్షన్ పూసి తెచ్చిన పాతదనం. చూడగానే మొహం మీదే చెప్పేస్తాను. వాళ్లు చిన్నబుచ్చుకుంటారు. నేనేం చేయను?

ఆగస్టు పదిహేను పరేడ్ అయిపోయి, పిల్లలు చింపి పెట్టిన డ్రమ్ములను నేను బాగుచేసుకుంటున్న రోజుల్లో ఒకామె వచ్చింది. ఆళ్లగడ్డ అవతల పల్లెలో అంగన్‌వాడీ టీచరు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. ఫోను నా ముందు పెట్టి ఒక ఫోటో చూపించింది. తాళ్లతో బిగించిన ఇత్తడి సైడ్ డ్రమ్ము. ఫోటోలోనే నా ప్రాణం లేచొచ్చింది.

"ఇది ఎప్పటిదో చెప్పాల మేడం. యాడ చేసిందో, ఎవురు చేసిందో అంతా చెప్పాల."

"అమ్ముతాండారా?"

"ల్యా మేడం. మాయమ్మ మాట్లాడ్డంల్యా."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "దానికీ దీనికీ సంబంధం ఏందమ్మా?" అన్నాను.

అప్పుడు కూర్చుంది. ఆమె తండ్రికి తాత దండులో డ్రమ్ము వాయించేవాడట. కొలువు అయిపోయాక ఆ డ్రమ్మును వెంట తెచ్చుకున్నాడట. చచ్చిపోయిన సిపాయిలను పూడ్చడానికి తీసుకుపోయేటప్పుడు దానికి నల్లగుడ్డ చుట్టి వాయించేవాళ్లమని ఇంట్లో చెప్పేవాడు. ఇంట్లో అందరూ దాన్ని దండు తప్పెట అంటారు. ఎవరూ వాయించరు. మూలన స్టూలు మీద పెట్టి ఉంటుంది. ఒక ఎండాకాలం ఆమె జేజినాయన, అంటే తండ్రికి నాన్న, దగ్గితే, ఆ మూల నుంచి అది జర్రుమని పలికింది. దగ్గిన ప్రతిసారీ పలికింది. ఆయన ఆ ఎండలు తగ్గకముందే పోయాడు. కొన్నేళ్లకు ఒక చలికాలం ఆమె తండ్రి మాట్లాడితే పలికింది. ఆయనా పోయాడు.

"ఇప్పుడు వానలు మొదులైన కాడ్నించి మాయమ్మకు పలుకుతాంది మేడం. మా ఎవురికీ పలకదు. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేస్తే ఆయన గొంతుకు గూడా పలకల్యా. మాయమ్మ ఆమెన్ అన్నెప్పుడు పలికింది. ఆ పొద్దు నోరు మూసింది, ఇంగ తెరవల్యా."

ఆస్పత్రిలో చూపించారు. గొంతుకేమీ లేదన్నారు. ప్రార్థన జరిగిన రోజే, డ్రమ్ము అడుగు చర్మానికి అడ్డంగా ఉండి జర్రుమనే తీగల కింద గుడ్డ కుక్కి పలక్కుండా చేశారు కూడా. నోరు కట్టేస్తే దాని మనసులోది పోతుందా అని తల్లే ఆ గుడ్డ పీకేసింది. బయట పారేస్తామంటే, యాడున్నా నన్నే పిలుస్తాది అంది. అవే ఆమె చివరి మాటలు. అన్నం కూడా సరిగ్గా తినడం లేదట.

"ఇట్లనే చచ్చిపోతాది మేడం. దానికీ ఒక ఊరూ, చేసినోడూ, పుట్టిన ఏడూ ఉంటే అది వస్తువేనని చెప్పొచ్చు గదా. నేను చెప్తే వినదు. మీరు డ్రమ్ముల మేడం."

అంతసేపూ ఏడవకుండా చెప్పిందామె. నాకే కళ్లు మండాయి. ఒక తోలూ నాలుగు తీగలూ కలిసి ఒక ఆడమనిషి నోరు మూయించాయంటే నాకు నవ్వు రాలేదు, కోపం వచ్చింది. వస్తానని మాటిచ్చాను.

శనివారం పొద్దున ఆళ్లగడ్డలో బస్సు దిగేసరికి ముసురు పట్టి ఉంది. రోడ్డు పక్కన శిల్పాలు చెక్కేవాళ్లు పట్టాలు కప్పుకుని లోపలే కొడుతున్నారు. అక్కడి నుంచి ఆటో. నాపరాళ్లు పరిచిన ఇల్లు, గోడ మీద దండలేసిన రెండు ఫోటోలు. తల్లి గడప పక్కన గోడకానుకుని కూర్చుని ఉంది. పెద్ద మనిషి, పొడుగరి. నన్ను చూసి చేత్తోనే రమ్మంది, చేత్తోనే మంచినీళ్లు ఇమ్మని కూతురికి చెప్పింది. ఆ ఇంట్లో మిగతావాళ్లు కూడా గుసగుసగానే మాట్లాడుతున్నారు. ఎవరి వంతు వస్తుందోనని అందరికీ భయమే.

నేను మామూలుగా, గట్టిగానే మాట్లాడాను. బడిపిల్లల మీద అరిచి అరిచి నాకు మెల్లగా మాట్లాడ్డం చేతకాదు. మూలన ఉన్న డ్రమ్ము పలకలేదు.

దాన్ని వెలుతురులోకి తెచ్చుకుని పని మొదలుపెట్టాను. పైనంతా పొగచూరి నల్లగా ఉంది. రుమాలు తడిపి ముందు భాగం రుద్దుతూ లోపల్లోపల ఒకటే కోరుకున్నాను. మూడు సింహాలు బయటపడాలి. సింహాలుంటే అది స్వాతంత్ర్యం వచ్చాక చేసింది, అంటే ముత్తాత కథంతా ఉత్తదే, పీడ విరగడవుతుంది. రుద్దగా రుద్దగా కిరీటం బయటపడింది. కిరీటం భుజాలు గుండ్రంగా ఉంటే ఇంగ్లండు రాజుల కాలం, నడుమ సొట్టపడినట్టు వంగి ఉంటే ఆ తర్వాతి రాణి కాలం. ఇది గుండ్రం. అచ్చు వేసింది కూడా కాదు, కుంచె గీతలు వేలికి తగులుతున్నాయి. అంచు దగ్గర దండు సామానుకు కొట్టే బాణం గుర్తు ఉంది. గాలి రంధ్రం పక్కన చేసినవాళ్ల పేరు కొట్టారు గానీ తోమి తోమి అరిగిపోయింది. కింది చర్మానికి అడ్డంగా ఉన్నవి ఉక్కుతీగలు కావు, పేగుతో పేనినవి. చెక్క అంచు ఒక పక్క మాత్రమే నున్నగా అరిగి ఉంది. వాయించేవాడు నడిచినప్పుడు తొడకు రాసుకునే పక్క అది. ఎవరో ఒక మనిషి దాన్ని ఏళ్ల తరబడి మోశాడు. అది నిజమైన డ్రమ్ము.

కూతురు నా వెనకే నిలబడి ఉంది. ఉత్తదని చెప్పమని ఆమె కళ్లు బతిమాలుతున్నాయి. అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాలేదు. "నిజమైందే. మీ ముత్తాత మోసిందే అయ్యుంటాది" అన్నాను. తల్లి తల ఊపింది. ఆమెకు ముందే తెలుసన్నట్టు ఊపింది.

సరే, అసలు సంగతి వేరే ఉంది కదా అని పాఠం మొదలుపెట్టాను. డ్రమ్ము ముందు కూర్చుని, కింది స్థాయి నుంచి మెల్లగా కూనిరాగం తీస్తూ పైకి వెళ్లాను. ఒక చోట తీగలు జర్రుమన్నాయి. తల్లి రెండు చేతులూ నోటి మీద పెట్టుకుంది. మళ్లీ అదే స్వరం పట్టాను, మళ్లీ జర్రుమంది. నేను ఆపేశాక కూడా కాసేపు పలికింది. తీగలు కుదురుకోవడానికి ఆ మాత్రం సేపు పడుతుంది. నాకు తెలుసు. అయినా చేతుల మీద వెంట్రుకలు లేచాయి.

"చూడమ్మా" అన్నాను ఆమెతో, "ప్రతి తోలుకూ ఒక సుతి ఉంటాది. ఎవురి గొంతు దానికి కుదిరితే ఆ గొంతుకు తీగలు అదురుతాయి. ఎండకు తోలు బిగుస్తాది, వానకు వదులైతాది. అందుకే ఒక్కో కాలంలో ఒక్కో మనిషికి పలుకుతాది. ఇప్పుడు ముసురు, నీ గొంతు కొంచెం లావై ఉంటాది. అంతే. అది మనుషులను యెతుక్కోవడంల్యా."

ఆమె వేలు ఎత్తి గోడ మీది ఫోటోలను చూపించింది. ముందు ఒకటి, తర్వాత ఇంకొకటి.

"వాళ్లకు జబ్బు చేసింది గదమ్మా. జబ్బు చేస్తే మనిషి గొంతు మారుతాది. అందుకే పలికుంటాది" అన్నాను.

అన్నాక నాలుక కరుచుకున్నాను. నేను చెప్పినదానికి అర్థం ఏమిటి? గొంతు మారిన మనిషిని అది కనిపెడుతుందనే కదా. ఆమె నా వైపు జాలిగా చూసింది. ఇంతదూరం వచ్చి నువ్వూ ఆ మాటే చెప్పావా అన్నట్టుంది ఆ చూపు.

ఇక మాటలతో లాభం లేదని తాళ్లు విప్పేశాను. పై చర్మం, కింది చర్మం రెండూ తీసి ఆ ఇత్తడి గుల్లను ఆమె ముందు పెట్టాను. "చూడు, లోపల ఏముందో నువ్వే చూడు" అన్నాను. లోపల కందిరీగలు పెట్టిన మట్టిగూడు ఒకటి, దుమ్ము. ఇంకేం లేదు. ఆమె ముందుకు వంగి మోచేతిదాకా చెయ్యి పెట్టింది. లోపలంతా మెల్లగా తడిమింది, అలిగి గోడవైపు తిరిగిన పిల్ల తల నిమిరినట్టు. చెయ్యి బయటికి తీసి వాసన చూసుకుని, కొంగుతో తుడుచుకుంది. ఏమనుకుందో నాకు తెలియలేదు. ఆ వాసన నాకూ తగిలింది, పాత తోలు వాసన.

మళ్లీ చర్మాలు పెట్టి తాళ్లు అల్లాను. ఇక్కడే నా చేతులు నన్ను అడక్కుండా పని చేసేశాయి. తాళ్ల డ్రమ్ముకు తాళ్ల మీద జారే తోలు చెవులుంటాయి, వాటిని కిందికి లాగితే చర్మం బిగుస్తుంది. వదులుగా ఉన్న డ్రమ్మును అలాగే వదిలేయడం నా వల్ల కాదు. జన్మలో చేయలేదు. ఒక్కో చెవీ పట్టి కిందికి లాగుతూ, చుట్టూ తిరుగుతూ, వేలితో తట్టి చూస్తూ, కంగుమనేదాకా బిగించాను. ఎన్నేళ్లకో దానికి సరైన బిగువు వచ్చింది. నాకు ఆనందమేసింది కూడా. స్టూలు మీద పెట్టి చేతులు దులుపుకున్నాను.

"అయిపాయెనమ్మా" అన్నాను.

జర్ర్.

నేను ఆగాను. ఎవరో తగిలారేమోనని చూశాను. దాని దగ్గర ఎవరూ లేరు.

"ఏందది?" అన్నాను.

జర్ర్.

ఆ గదిలో నేనొక్కదాన్నే మాట్లాడుతున్నానని అప్పుడు తెలిసొచ్చింది. కూతురు గోడకు అతుక్కుపోయింది. ఎందుకు పలుకుతోందో ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. చర్మం బిగిసింది, సుతి పైకెక్కింది, ఆ కొత్త సుతి నా గొంతు మీద వచ్చి ఆగింది. అరగంట ముందు ఈ పాఠమంతా చెప్పింది నేనే. ఆ ముక్కే ఇంకోసారి చెబుదామని నోరు తెరిచాను. "అది..." అన్నాను. అది పలికింది. మిగతా మాట నా గొంతులోనే ఉండిపోయింది.

తల్లి లేచి నిలబడింది. డ్రమ్ము దగ్గరికి వెళ్లి, దాని ముందు నిలబడి, పెదవులు తడుపుకుని, ఇన్నాళ్లకు నోరు తెరిచింది.

"దేవా, నా తండ్రీ" అంది. పలకలేదు. "బిడ్డా, అన్నం పెట్టు, ఆకలైతాంది" అంది కూతురితో. బొంగురు గొంతు, లావు గొంతు. డ్రమ్ము ఊరకే ఉంది. కూతురు భోరుమని ఏడుస్తూ తల్లిని కావిలించుకుంది. పక్కింటివాళ్లు కూడా పరుగెత్తుకొచ్చారు. ఆమె అందరి పేర్లూ పిలిచి పిలిచి పలకరించింది. ఒక్క మాటకూ అది పలకలేదు.

నా చేతులు తాళ్ల మీదికి పోయాయి. నాలుగు చెవులు పైకి తోస్తే చాలు, చర్మం వదులవుతుంది, సుతి దిగుతుంది, నన్ను వదిలేస్తుంది. కానీ దిగి ఎక్కడ ఆగుతుందో నాకు తెలుసు. ఆమె పళ్లెం ముందు కూర్చుని ముద్ద కలుపుతోంది. నేను చేతులు తీసేశాను.

నేను బయల్దేరుతుంటే ఆమె ఎంగిలి చెయ్యి కడుక్కుని వాకిలిదాకా వచ్చింది. నా తల నిమిరింది. ఆ కళ్లలో ఎంత ప్రేమ ఉందో, ఎంత ఊరట ఉందో చెప్పలేను. ఊరట ఎక్కువగా ఉంది.

"నన్ను వదిలింది తల్లీ" అంది. "ఇంగ నువ్వు మాట్లాడాకు."

ఆళ్లగడ్డ బస్టాండులో నంద్యాల బస్సెక్కాను. కండక్టరు నా ఆధార్ కార్డు చూసి, టికెట్ మిషను పట్టుకుని "యాడికమ్మా?" అన్నాడు. నేను వేలెత్తి బస్సు అద్దం మీది బోర్డు చూపించాను.