నల్లపొద్దు వైపు తిప్పని డబ్బా

1973 నాటికి మంచిర్యాల స్టేషన్ రోడ్డులోని మా మైకు సెట్టు దుకాణం నా చేతికి వచ్చి రెండేళ్లయింది. మా ఆయన పోయాక సామాను అమ్మేసి పుట్టింటికి పొమ్మన్నవాళ్లే ఎక్కువ. నేను చదివింది మూడో తరగతి. కానీ ఏ వైరు ఎక్కడ పెట్టాలో ఆయన పక్కన కూర్చుని ఏళ్ల తరబడి చూసినదాన్ని. అందుకని అమ్మలేదు. పెళ్లిళ్లకు, వినాయక మండపాలకు, ఒగ్గు కథలకు నేనే దగ్గరుండి సెట్టు కట్టించేదాన్ని.

ఈ పని తెలియనివాళ్లకు ముందు కొంచెం చెప్పాలి. ఆంప్లిఫయర్ అంటే చప్పుడును పెద్దది చేసే పెట్టె. మా దానికి నాలుగు వైర్లు పట్టేవి, ఒక్కో వైరుకు ఒక్కో నాబ్. నాబ్ తిప్పితే ఆ వైరులో వచ్చేది పెరుగుతుంది, తగ్గుతుంది. హారన్ అంటే గుంజ మీద కట్టే గరాటు. దూరం పోతుంది, పీలగా వినిపిస్తుంది. స్పీకర్ బాక్సును మేం డబ్బా అనేవాళ్లం. దూరం పోదు గానీ దగ్గరివాళ్లకు నిండుగా వినిపిస్తుంది. అప్పట్లో మా పనిలో పరువంతా దూరంలోనే ఉండేది. లచ్చమ్మ సెట్టు గోదావరి అవతలికి వినబడింది అంటే నాకు కడుపు నిండేది.

ఆ వానాకాలం నలుగురు పిల్లలు దుకాణం ముందుకు వచ్చి నిలబడ్డారు. మెడ దాటిన జుట్టు, పూల అంగీలు, నేల ఊడ్చే ప్యాంట్లు.

"మంగలి దుకాణం గా పక్క సందుల ఉన్నది," అన్నాను.

అందులో ఒకడు గట్టిగా నవ్వాడు. అతనే రాజేశం. సిరిసిల్లలో నేతపని ఇంటివాడు, ఇక్కడ ఫ్యాక్టరీలో పనికి వచ్చాడు. గిటార్ వాయించేది, పాటలు కట్టేది అతనే. పాడేది సుధాకర్, లక్సెట్టిపేట దిక్కు భూములున్న ఇంటి బిడ్డ. లావు తీగల గిటార్ వాయించే జోసెఫ్ రైల్వే గార్డు కొడుకు. డ్రమ్ములు కొట్టే యాకూబ్‌ది పెళ్లి బ్యాండు కుటుంబం. తమ పాటల పార్టీకి నల్లపొద్దు అని పేరు పెట్టుకున్నారు.

"అక్కా, వాయించుకోను మాకు జాగ గావాలె. ఇంట్లకెళ్లి ఎల్లగొట్టిండ్రు," అన్నాడు యాకూబ్.

"నలుగురినా?"

"నలుగురిని."

"అయితే మంచిగనే వాయిస్తున్నట్టు."

దుకాణం వెనక టెంటు సామాను పెట్టుకునే గోదాం ఇచ్చాను. రోజూ ఊడ్చాలి, ఎక్కడ వాయించినా సెట్టు మాదే పెట్టాలి అన్నాను. ఊరికే ఇవ్వడం నాకు చేతకాదు.

మొదట్లో అది పాటో, రేకుల షెడ్డు కూలిన చప్పుడో నాకు అర్థం కాలేదు. నెల తిరిగేసరికి చేతిలో పని ఆపి వినడం మొదలుపెట్టాను. రాజేశం బతుకమ్మ చప్పట్ల నడకను కరెంటు గిటార్ మీద పట్టుకునేవాడు. దాన్ని సాగదీసి, తిప్పి, ఎక్కడికో తీసుకుపోయి మళ్లీ సరిగ్గా చప్పట్ల మీద దించేవాడు. ఒకరోజు వడ్లు పోసుకునే నా ఖాళీ మట్టి గోలెంలో చిన్న స్పీకరు దించి, దాని ముందు ఇంకో మైకు వేలాడదీశాడు. సుధాకర్ గొంతు అందులోకి పోయి నీళ్ల అడుగు నుంచి వచ్చినట్టు తిరిగి తిరిగి వచ్చింది. గోలెం పగులుతుందని తిట్టాను. తిడుతూనే గుమ్మంలో కూర్చుని పూర్తిగా విన్నాను.

గోదాంలో వాళ్లు జంపఖానా పరుచుకుని గుండ్రంగా కూర్చునేవాళ్లు. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ వాయించేవాళ్లు. ఈ మాట ఎందుకు రాస్తున్నానో ముందుకు పోతే తెలుస్తుంది.

ఏడాదిన్నరలో నల్లపొద్దు అంటే చుట్టుపక్కల పిల్లలకు ప్రాణమైంది. బెల్లంపల్లి నుంచి సైకిళ్ల మీద వచ్చేవాళ్లు. అప్పుడే స్టేజీల మీద ఒక వింత మొదలైంది. ఆంప్లిఫయర్ దగ్గర నేను కూర్చుంటే, ఒక్కొక్కరు చాటుగా వచ్చేవాళ్లు.

"అక్కా, నాది జర పెంచు. రాజేశానికి చెప్పకు," అని సుధాకర్.

"అక్కా, నా గిటార్ నాకే ఇనబడుతలేదు," అని రాజేశం.

"నా డ్రమ్ములు సచ్చిపోయినయక్కా. జర పానం పొయ్యి," అని యాకూబ్.

మాట్లాడని జోసెఫ్ కూడా వచ్చి నాబ్ వైపు చూసి నిలబడేవాడు. అడిగినవాళ్లకు అడిగినంత పెంచాను. ఒకడిది పెంచితే మిగతావాళ్లది తగ్గినట్టే కదా, మళ్లీ వాళ్లు వచ్చేవాళ్లు. నాలుగు నాబ్‌లూ చివరికంటా పోయేవి. మనసుల్లో మాత్రం అనుమానం పెరిగింది. అక్క వాడి పక్షం, వీడి పక్షం అని.

అట్లా ఉండగా కరీంనగర్‌లో ఒక కాలేజీవాళ్లు పిలిచారు. హైదరాబాద్ నుంచి రికార్డులు తీసే మనిషి ఒకాయన వినడానికి వస్తున్నాడని, నచ్చితే వీళ్ల పాటలు రికార్డుగా వస్తాయని కబురు. ఫ్యాక్టరీలో సెలవు ఇవ్వకపోతే పని మానేసైనా వస్తానన్నాడు రాజేశం. ముందురోజు ఒక్కడే నా దగ్గరకు వచ్చాడు.

"అక్కా, రెండు డబ్బాలల్ల ఒకటి మా దిక్కు తిప్పు."

"మీ దిక్కెందుకురా? పాట మీకు రాదా?"

"స్టేజి మీద ఒకనిది ఒకనికి ఇనబడుతలేదక్కా. హారన్లన్ని జనం దిక్కే ఉన్నయ్. అందుకే నీ దగ్గరికి ఉరుకొస్తున్నం."

"బంతిల కూసున్నోళ్లకు ముందుగాల వడ్డిస్తరా, వంటోళ్లకా?"

"వంటోడు ఉప్పు సూడద్దా మరి?"

నాకు నవ్వు వచ్చింది, ఆపుకున్నాను. డబ్బా మైకు వైపు తిరిగితే కూత పెడుతుంది అన్నాను. స్పీకర్లో వచ్చింది మైకులోకి, మైకులోది మళ్లీ స్పీకర్లోకి పోయి కీచుమనడాన్ని మేం కూత అంటాం.

"మైకుకు ఎనక దిక్కు చెవులుండయక్కా. డబ్బా కింద పెట్టి పైకి తిప్పితే కూత పెట్టది. గోదాంల సూసిన."

"నా డబ్బా నా ఇష్టం. జనానికి తక్కువైతే పేరు పొయ్యేది నాది," అన్నాను.

మరుసటి సాయంత్రం కాలేజీ మైదానం నిండిపోయింది. గేటు దాకా వినబడాలని కాలేజీవాళ్లు ఒకటికి రెండుసార్లు చెప్పారు. నలుగురూ జనం వైపు తిరిగి ఒకే వరుసలో నిలబడ్డారు. మొదటి పాట బాగానే పోయింది. రెండో పాటలో ఏదో జారింది. వైరు వదులైందేమో చూద్దామని స్టేజి వెనక్కి పోయి యాకూబ్ వెనక నిలబడ్డాను. అక్కడ వినిపించింది వేరు. డ్రమ్ములు తప్ప దగ్గరగా వినిపించేదేదీ లేదు. పాట, గిటార్లు మైదానం దాటి పోయి, ఎదుటి కాలేజీ గోడకు తగిలి, ఒక దరువు ఆలస్యంగా తిరిగి వస్తున్నాయి. ఎవరికి వాళ్లు సరిగ్గానే వాయిస్తున్నారు. ప్రతివాడికీ పక్కవాడు వెనకబడినట్టు వినిపిస్తున్నాడు.

గబగబా డబ్బా దగ్గరకు పోయి చెయ్యి వేశాను. తిప్పితే చాలు. అదే సమయాన కాలేజీవాళ్లలో ఒకాయన గేటు వైపు చెయ్యి చూపించి, ఇంకా పెంచమన్నాడు. నేను డబ్బా వదిలేశాను.

అంతలో సుధాకర్ వెనక్కి తిరిగాడు. నోరు మైకు దగ్గరే ఉంది.

"రాజేశం, తాళం సూడురా. తప్పుతున్నవ్."

గేటు దాకా వినబడింది. జనం గొల్లున నవ్వారు. రాజేశం వేళ్లు ఆగిపోయాయి. గిటార్ వైరు పీకి, గిటార్‌ను మెల్లగా కింద పెట్టి, మెట్లు దిగి వెళ్లిపోయాడు. హైదరాబాద్ ఆయన చాయ్ కూడా తాగకుండా లేచాడు. నల్లపొద్దు అక్కడితో ఆఖరు.

ఊళ్లో తలా ఒక మాట. ఆడపిల్ల దగ్గర గొడవ అన్నారు. కులం పట్టింపు అన్నారు. పంపకాల్లో తేడా అన్నారు. ఆ మాటలన్నీ మా దుకాణంలోనే నిలబడి అనేవాళ్లు. నేను వైర్లు చుట్టుకుంటూ ఊరుకున్నాను. సంగతి చెబితే నా సెట్టుకు చెడ్డపేరు. అందుకే చెప్పలేదు. రాజేశం గోదాం తాళంచెవి ఇవ్వడానికి వస్తే, తీసుకుని పెట్టెలో వేసుకున్నాను తప్ప ఆ రోజు కూడా నోరు విప్పలేదు. అతను పని వదిలి సిరిసిల్ల వెళ్లిపోయాడు.

ఆ తర్వాతి ఏడు ధర్మపురి దగ్గర ఒక ఊళ్లో ఒగ్గు కథకు సెట్టు తీసుకుపోయాను. ఎవరూ అడగకుండానే ఒక డబ్బాను కింద పెట్టి, కథ చెప్పేవాళ్ల వైపు పైకి తిప్పాను. కూత పెట్టలేదు. కథ అయిపోయాక ముసలి ఒగ్గాయన నా దగ్గరకు వచ్చాడు.

"అవ్వా, ఏం జేసినవే? ఇన్నేండ్లకెళ్లి చెప్పుతున్న, నా గొంతు నాకు ఇయ్యాలనే ఇనబడ్డది. అరుసుడు తప్పింది."

ఆయన దండం పెడుతుంటే నాకు తల ఎత్త బుద్ధి కాలేదు. ఆ దండం నాది కాదు.

రెండో రోజే సిరిసిల్ల బస్సెక్కాను. మరమగ్గాల చప్పుడులో రాజేశాన్ని బయటికి పిలిచి, జరిగిందంతా చెప్పాను. డబ్బా మీద చెయ్యి వేసి తీసేసిన సంగతి కూడా దాచలేదు. చెమట తుడుచుకుంటూ విన్నాడు.

"నాకు ఎరుకేనక్కా. ఆనికి నేను ఆలిశంగ ఇనబడ్డ, నాకు ఆడు. ఇద్దరం అబద్ధమాడలే."

"అయితే పొయ్యి గా ముచ్చట ఆనికి చెప్పరాదురా?"

"మైకుల అన్నడక్కా," అన్నాడు. "చెవుల అంటే ఊకుందును."

"డబ్బా తిప్పితే మీరు కలిసుందురా?"

"ఆ దినం నిలబడుదుం. తర్వాతది నాకేం ఎరుక? గోదాంల ఒకని మొకం ఒకడు సూస్తుంటిమి. స్టేజి మీద అందరం జనాన్ని సూసినం. నువ్వు గింతదూరమొచ్చి చెప్పినవ్, గది చాలు. అన్నం తిని పో."

తినే వచ్చాను. వాళ్ల అవ్వ జొన్న రొట్టె, పచ్చి పులుసు పెట్టింది. అక్కడి నుంచి తిన్నగా సుధాకర్ ఊరికి పోయాను. వరండాలోనే నిలబడి అదే సంగతి చెప్పాను. ముందు నమ్మలేదు.

"నా చెవులతోని ఇన్ననక్కా. ఆడు తప్పిండు."

"నీ చెవులకు గోడ ఇనబడ్డది, రాజేశం కాదు. నేను మీ ఎనక నిలబడి ఇన్న."

తర్వాత సిరిసిల్లకు బస్సు ఎన్ని గంటలకని అడిగాడు. వెళ్లాడని, ఒక రాత్రి అక్కడే ఉన్నాడని రాజేశం ఉత్తరం రాశాడు. ఏం మాట్లాడుకున్నారో రాయలేదు, నేనూ అడగలేదు. పార్టీ మాత్రం మళ్లీ పుట్టలేదు. జోసెఫ్ కాజీపేటలో ఉద్యోగంలో చేరాడు, యాకూబ్ పెళ్లి బ్యాండుకు పెద్దయ్యాడు. కానీ సుధాకర్ పెళ్లి నాడు మగపెళ్లివారి ముందు వరుసలో రాజేశం కూర్చుని ఉండడం నా కళ్లతో చూశాను.

ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా సెట్టు నడిపాను. ఎక్కడికి పోయినా గుంజలు పాతకముందే స్టేజి ఎక్కేవాళ్లను పిలిచి, మీకు ఏం వినబడాలి అని అడిగేదాన్ని. ఎవరైనా వాళ్లది పెంచమంటే, ముందు మిగతావాళ్లది కొంచెం తగ్గించి చూసేదాన్ని. సగం తగాదాలు అక్కడే పోయేవి. కళాకారులు బండి కట్టుకుని ఉట్నూర్ నుంచి, జమ్మికుంట నుంచి నా సెట్టే కావాలని వచ్చేవాళ్లు. ఇప్పుడు హైదరాబాద్ నుంచి వచ్చే పెద్ద సెట్లలో స్టేజి వైపు తిప్పే డబ్బాను మానిటర్ అంటున్నారట. ఆ పేరు నాకు తెలియకముందే ఆ పని నా చేతికి వచ్చింది. నా సెట్టు మంచిదని పది ఊళ్లు అన్నాయంటే, ఆ పేరు నేను సంపాదించింది కాదు. కాదు పొమ్మని నేను పంపేసిన పిల్లవాడు నాకు పెట్టిపోయింది.